శనివారాల సంతకం

కంపెనీ బస్సు ఉదయం ఏడుంబావుకు కోదాడ ఖమ్మం క్రాస్‌రోడ్డు దగ్గర ఆగుతుంది. యేసయ్య ఇంటి నుంచి ఏడింటికి బయల్దేరితే సరిపోతుంది. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర అతని పని. చేరి ఇరవై ఆరేళ్లయింది. ఖాళీ లారీ బరువు, నిండు లారీ బరువు, స్లిప్పు. మళ్లీ ఇంకో లారీ.

ఆ గురువారం కూడా రోజులాగే లేచాడు. నవంబరు చివరి రోజులు. తొట్టిలో నీళ్లు వేళ్లను కొరుకుతున్నాయి. సారమ్మ పొయ్యి మీంచి దోసకాయ పప్పు దించింది. కూతురు దీప అద్దం ముందు నిలబడి రెండో జడకు రిబ్బను కట్టుకుంటోంది. తొమ్మిదో తరగతి చదువుతోంది.

యేసయ్య పీట మీద కూర్చుని తినసాగాడు. సగం అయ్యాక సారమ్మ కూడా పళ్లెం పెట్టుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పే ఎయ్యలేదు గద. నువ్వన్న చెప్పొద్దా?"

"తెల్వలే."

"తెల్వకపోవుడేంది, సగం తిన్నవ్."

ఆమె ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. అతను వేసుకోకుండానే మిగిలినది తిని చేయి కడుక్కున్నాడు.

ఎనిమిది నెలలుగా ఇట్లాగే ఉంటున్నాడు. మార్చి నెలాఖరున అతని తండ్రి ఈదయ్య చనిపోయాడు. పన్నెండేళ్లుగా వాళ్లతోనే, కోదాడలోని ఈ రెండు గదుల ఇంట్లోనే ఉన్న మనిషి. ఒక రోజు పొద్దున మంచం మీంచి లేవలేదు. పాస్టరుగారిని పిలవడం, పెట్టె తేవడం, గొయ్యి తవ్వించడం, వచ్చిన వాళ్లకు అన్నాలు పెట్టించడం, అన్నీ యేసయ్యే చూసుకున్నాడు. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. గుండె గట్టోడని చర్చిలో అందరూ అన్నారు. మొదట్లో తనూ అదే అనుకున్నాడు. తర్వాత సారమ్మ చెల్లెలి కూతురి పెళ్లిలో సంతోషం అనిపించలేదు. ఒకసారి లారీ ఒకటి వెనక్కి వచ్చి కాటా క్యాబిన్ అద్దం పగలగొడితే భయమూ వేయలేదు. చేయి మీద తల పెట్టి పడుకుంటే చేయి తిమ్మిరెక్కుతుంది చూడండి, లోపలంతా అట్లా అయిపోయింది.

"అమ్మా, ఇయ్యాల లేటయితది. స్వర్ణోత్సవం ప్రాక్టీసున్నది," అంది దీప బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.

"ఏం పాట పాడుతున్నవ్?" అని అడిగాడు యేసయ్య. ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

దీప తల్లి వంక చూసింది. సారమ్మ పొయ్యి వైపు తిరిగింది.

"ఇంక అనుకోలే నాయినా," అని దీప గబగబా చెప్పులేసుకుంది.

క్రాస్‌రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎదురుగా కొత్త ఫ్లెక్సీ కనిపించింది. కోదాడ ప్రభుత్వ కళా ఉన్నత పాఠశాల, స్వర్ణోత్సవాలు, యాభై వసంతాలు. కింద వరసగా నిలబడి డప్పులు కొడుతున్న ఆడపిల్లలు. అందరికంటే ముందు, డప్పు కొట్టే చిర్రపుల్ల పట్టుకున్న చేయి పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతూ దీప.

పక్కన గణేష్ నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్, యేసయ్య సొంతూరివాడే.

"ముంగటున్నది మన దీపనే గదన్నా? ఆ చెయ్యి లేపుడు సూడు. అచ్చం ఈదయ్య తాత లెక్కనే."

గణేష్ మెచ్చుకుంటూనే అన్నాడు. యేసయ్య తల ఊపాడు. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాడు. ఆ రోజు రెండు స్లిప్పుల మీద లారీ నంబర్లు వేయడం మర్చిపోయాడు. డ్రైవర్లు తిరిగొచ్చి అడిగితే మళ్లీ వేసిచ్చాడు.

సాయంత్రం ఆరున్నరకు ఇంటికి చేరేసరికి సారమ్మ మిషను మీద జాకెట్టు కుడుతోంది. దీప పక్కన కూర్చుని గుండీలు అందిస్తోంది.

"ఫ్లెక్సీ సూసిన," అన్నాడు యేసయ్య చెప్పులు విడుస్తూ.

మిషను ఆగింది.

"ఎన్నొద్దులాయె?"

"ఎనిమిదో తరగతి జూన్ నుంచి," అంది దీప.

"పాట నేర్సుకుంటున్న అన్నవ్."

"ఆరు, ఏడు పాటనే నాయినా. ఎనిమిదిల మళ్లొకసారి ఎంచుకోమంటరు. పదో తరగతి దాంక ఇగ అదే ఉంటది. నేను డప్పు రాసిన."

"ఎవలు ఒప్పుకున్నరు?"

"నేనే," అంది సారమ్మ వెంటనే. దీప ఏదో చెప్పబోయింది. తల్లి కళ్లతోనే ఆపింది.

యేసయ్య కుర్చీలో కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"నేను రేపు లీవు పెడుత. పొయ్యి టీసీ తీసుకొస్త. సూర్యాపేటల హాస్టలున్న బడి ఉన్నది, ఆడ సదువుకుంటది."

"నడి సంవత్సరంల ఎవలు తీసుకుంటరు? జర ఆలోచన చెయ్యి."

"తీసుకుంటరు."

"నేనేం తప్పు చేసిన నాయినా?" అని అడిగింది దీప.

"మా నాయిన ఎవలింట్ల సావైనా పోవాలె. బువ్వ ముందల కూసున్నా, పిలుపొస్తే లేవాలె. ఊళ్ల సాటింపు ఎయ్యమంటె ఎయ్యాలె. జెరమొచ్చిందంటె ఊకోరు. ఇంటి ముంగటికొచ్చి అమ్మను తిట్టిపోయేటోళ్లు. అది వదిలిచ్చుకోనీకె నేను సదువుకున్న. మీ అమ్మా నేనూ ఊరిడిసి వచ్చినం. నువ్వు మళ్ల అదే మెడల ఏసుకుంటవా?"

"సావులకు కొట్టమని మాకెవలు చెప్తలేరు. పద్నాలుగు మందిమి నేర్సుకుంటున్నం. నా పక్కన కొట్టేది శ్రీలత. వాళ్లకు రైసుమిల్లు ఉన్నది."

"శ్రీలత కొడ్తే కళ అంటరు. నువ్వు కొడ్తే కులం అంటరు."

దీప నేల వంక చూస్తూ అంది.

"తాత సచ్చిపోయిన్నాడు ఊరికెల్లి నలుగురు డప్పులు పట్టుకొని వచ్చిండ్రు. గేటు కాడికెల్లే ఎల్లగొట్టినవ్. వాళ్లు సందు మలుపు కాడ మట్టి అయ్యేదాంక నిలవడే ఉన్నరు. నేను సూసిన."

"దీపా," అంది సారమ్మ.

యేసయ్య తనకు కోపం వస్తుందనే అనుకున్నాడు. రాలేదు. "అన్నం పెట్టు సారా," అన్నాడు.

భోజనాలయ్యాక దీప ఒక నోటుబుక్కు తెచ్చి అతని ముందు పెట్టింది.

"స్వర్ణోత్సవం పుస్తకంల ఎయ్యనీకె బడి చరిత్ర నన్ను రాయమన్నరు. రేపు టీసీ తీసుకునేటప్పుడు ఇది మేడంకు ఇచ్చెయ్యి. నేను ఆ బడి పిల్లను కాకపోయినంక నా రాత వాళ్లకెందుకు?"

మర్నాడు పదింటికి యేసయ్య బడికి వెళ్లాడు. హెడ్మిస్ట్రెస్ పదో తరగతికి పాఠం చెబుతున్నారని, అరగంట కూర్చోమని అటెండరు వరండాలో బెంచీ చూపించాడు. వరస గదుల మీద బోర్డులున్నాయి. చిత్రలేఖనం, గాత్రం, వయొలిన్, మృదంగం, నాటకం. చివరి గదికి కొత్త రంగుతో జానపదం అని ఉంది. పొద్దున పూట కాబట్టి అన్ని గదుల్లోంచీ లెక్కలు, సోషల్ పాఠాలే వినిపిస్తున్నాయి. మూడేళ్ల కింద దీపను చేర్చేటప్పుడు ఇక్కడ ఏమేం నేర్పుతారో క్లర్కును అడిగి, డప్పు లేదని తెలుసుకునే చేర్చాడు. ఆ గది తర్వాత తెరిచినట్టున్నారు.

ఎదురుగా పాత హాలు. దాని వంక చూడకుండా నోటుబుక్కు తెరిచాడు. దీప దస్తూరి గుండ్రంగా ఉంది.

"మన పాఠశాల 1975 జూన్‌లో మొదలైంది. అప్పటికి కట్టడం లేదు. ఎడమ కాలువ పనులప్పుడు సిమెంటు బస్తాలు దాచుకున్న రెండు రేకుల షెడ్లలో ఆరు, ఏడు తరగతులు నడిచాయి. పిల్లలందరూ మామూలు చదువు చదువుతూనే, రోజూ చివరి రెండు పీరియడ్లలో ఏదో ఒక కళ నేర్చుకోవాలని మొదటి హెడ్మాస్టరు గారు నియమం పెట్టారు. కూలివాళ్ల పిల్లలకు ఇవన్నీ ఎందుకని చాలామంది అడిగారట. మొదట బొమ్మలు, పాట మాత్రమే ఉండేవి. 1981లో మృదంగం, వయొలిన్ వచ్చాయి. వానొస్తే రేకుల చప్పుడుకు వయొలిన్ వినపడేది కాదట. అందుకని వాన రోజుల్లో బడి మొత్తం బొమ్మలే వేసేదట. 1984లో నాటకం పెట్టారు. ఏటా ఫిబ్రవరిలో పిల్లలే రాసి, పిల్లలే తెరలు కుట్టి ఆడే నాటకానికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవారు."

యేసయ్య పేజీ తిప్పాడు.

"1989లో జానపద విభాగం మొదలైంది. కోలాటం టీచరుకు పోస్టు ఇచ్చారు. డప్పుకు ఇవ్వలేదు. అందుకని బయటి నుంచి ఒకరిని పిలిచారు. ఆయన శనివారాలు వచ్చేవారు. 2008 వరకు వచ్చారు. ఆయన మానేశాక డప్పు క్లాసు పదిహేనేళ్లు మూతపడింది. హాలు గోడ మీద ఇప్పటిదాకా పనిచేసిన కళా ఉపాధ్యాయుల పేర్లు ఇరవై రెండు ఉన్నాయి. ఆయన పేరు లేదు. ఆయన పేరు ఈదయ్య. మా తాత."

అతను ఆ వాక్యాలు రెండుసార్లు చదివాడు. పిల్ల తెలియక రాసిందనుకున్నాడు. 2008 ఎక్కడ? తన తండ్రి ఈ బడికి వచ్చింది ఆరు శనివారాలే. ఆ సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు?

అప్పుడు అతను ఈ బడిలోనే ఎనిమిదో తరగతి. తండ్రి ఉతికిన పంచె కట్టుకుని, డప్పు చంకన పెట్టుకుని వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. హాలు గడప బయట నిలబడ్డాడు. హెడ్మాస్టరు రెండుసార్లు పిలిస్తే గానీ లోపలికి రాలేదు. ముప్పై మంది పిల్లల ముందు డప్పు కొట్టి, దరువులు చెప్పాడు. కొడుకు వైపు చూడలేదు. కొడుకూ చూడలేదు. సోమవారం నాడు తరగతిలో ముగ్గురు చుట్టూ చేరారు. "ఏం రా, శనివారం బడిల ఎవలు సచ్చిండ్రు?" ప్రతి సోమవారం అదే ప్రశ్న. ఆరో శనివారం సాయంత్రం యేసయ్య ఇంటికి పోయి తండ్రితో ఒక మాట అన్నాడు. ఆ తర్వాత ఈదయ్య బడికి రాలేదు. అయినా సోమవారాల ప్రశ్న ఆగలేదు. వచ్చే జూన్‌లో యేసయ్య మిర్యాలగూడ హాస్టల్‌లో సీటు తెచ్చుకుని వెళ్లిపోయాడు. తండ్రితో అన్న ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"యేసయ్య గారూ, లోపలికి రండి."

హెడ్మిస్ట్రెస్ పేరు రుక్మాబాయి. నలభై ఐదేళ్లుంటాయి. దామరచర్ల వైపు తండా నుంచి వచ్చిన మనిషి. టీసీ అనగానే ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎందుకండీ? దీప బాగానే చదువుతోంది కదా."

"డప్పు మాకిష్టం లేదు మేడం. నన్ను అడగకుండ చేర్సుకున్నరు."

"అడగకుండా ఎవరినీ చేర్చుకోం. ఇంటి నుంచి సంతకం కావాలి." ఆమె బీరువాలోంచి ఒక ఫైలు తీసి, అందులో కాగితం వెతికి అతని ముందు పెట్టారు. "ఇది దీప ఇచ్చిన ఫారం."

కాగితం కింద 'సంరక్షకుని సంతకం' అన్న చోట, అక్షరాలు ఒకదానికొకటి దూరంగా, కుడివైపుకు దిగిపోతూ ఉన్నాయి. ఈదయ్య.

"ఇది మా నాయినది కాదు మేడం. ఆయనకు సంతకం రాదు."

"వచ్చండి."

"రాదు. పదకొండేండ్ల కింద నేనే బ్యాంకుకు తీసుకపోయిన. సంతకం వస్తదా అని అడిగిండ్రు. ఆయన నా మొఖం సూసి, ఏలు ముందల పెట్టిండు. ఇంకు పెట్టె నేనే పట్టుకున్న."

రుక్మాబాయి లేచి, మళ్లీ బీరువా దగ్గరకు వెళ్లి, అట్ట ఊడిపోయిన పొడుగు రిజిస్టరు తెచ్చారు. బయటి నుంచి వచ్చి నేర్పేవాళ్ల హాజరు పుస్తకం.

"నేనూ ఇక్కడే చదివానండీ. హాస్టల్‌లో ఉండేదాన్ని. నాది కోలాటం. ఏడో తరగతిలో ఉండగా మేం నలుగురం ఆడపిల్లలం, తాత క్లాసయ్యాక ఆయనకు పలక మీద అక్షరాలు దిద్దించేవాళ్లం. 'ద' కింద 'ద'వత్తు పెట్టేసేవాడు. ఈద్దయ్య అని చదివి మేం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. ఇంటి దగ్గర చెప్పొద్దు బిడ్డా అనేవాడు. ఎందుకో మేం అడగలేదు."

యేసయ్య రిజిస్టరు తెరిచాడు. 1989 జులై పదిహేను. వేలిముద్ర. జులై ఇరవై రెండు. వేలిముద్ర. ఆరు వేలిముద్రలు ఆగస్టు పంతొమ్మిది దాకా ఉన్నాయి. ఆ తర్వాత ఆ పేరుకు ఎదురుగా గళ్లన్నీ ఖాళీ. సెప్టెంబరు ఖాళీ. క్రిస్మసు నెల ఖాళీ. వేసవి దాకా ఏమీ లేదు.

1990 జూన్ ఇరవై మూడు. వేలిముద్ర.

యేసయ్య ఆ గడి మీద వేలు పెట్టి ఆగిపోయాడు. తను ట్రంకు పెట్టె పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కింది ఆ వారమే. బస్‌స్టాండుకు తండ్రే వచ్చి పెట్టె పైకి అందించాడు. కొడుకు ఈ బడిలో ఉన్నన్నాళ్లూ ఆయన రాలేదు. కొడుకు వెళ్లిన శనివారమే వచ్చాడు.

పేజీలు తిప్పాడు. వేలిముద్రలు, వేలిముద్రలు. 1993 ఫిబ్రవరి పదమూడున గడిలోంచి బయటికి వచ్చేసిన అక్షరాలు. ఈదయ్య. ఆ పైన ఇక ఒక్క వేలిముద్ర కూడా లేదు. శనివారం తర్వాత శనివారం సంతకమే. ఆ శనివారాలన్నీ తండ్రి చెప్పింది ఒకటే, సూర్యాపేట మార్కెట్లో బస్తాలెత్తే పనుందని. యేసయ్య ఎప్పుడూ ఆరా తీయలేదు. ఒక్కోసారి ఆదివారం నాడు తండ్రి భుజాలకు నూనె కూడా రాశాడు.

"2008లో మోకాళ్లు పట్టుకుపోయి మానేశారు," అన్నారు రుక్మాబాయి. "పోస్టు లేదు కాబట్టి బోర్డు మీద పేరు ఎక్కలేదు. ఈసారి పుస్తకంలో, బోర్డు మీద రెండు చోట్లా వేయాలని మా అందరికీ ఉంది. ఇంట్లో అడిగి చెప్పమని దీపతో అన్నాను. మా నాయినను అడగలేను మేడం అంది."

యేసయ్య రిజిస్టరు మూశాడు. ఏడుపు వస్తుందేమోనని ఆమె మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపారు. అతనికి ఏడుపు రాలేదు. నీళ్లు తాగాడు.

"టీసీ వద్దు మేడం."

"మంచిదండీ. పుస్తకం సోమవారం ప్రెస్‌కు ఇవ్వాలి. మిగతా వాళ్ల పేర్ల పక్కన మ్యూజిక్ టీచరు, డ్రాయింగ్ మాస్టరు అని ఉంది. తాత పేరు పక్కన ఏమని వేయమంటారు?"

అతను మూసిన రిజిస్టరు మీద అరచేయి ఉంచాడు.

"ఈదయ్య సారు అని రాయుండ్రి," అన్నాడు. నోటుబుక్కు ఆమెకు ఇచ్చేసి బయటికి వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సారమ్మ మిషను దగ్గర్నించి లేచి అతని చేతుల వంక చూసింది. కాగితాలేమీ లేవు.

"ఫారం మీద సంతకం నాయినది," అన్నాడు యేసయ్య.

"ఊఁ."

"నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

"సచ్చిపోయిన మనిషి మీద నీకు కోపమెందుకని. ఆ దినం పొల్ల ఫారం పట్టుకొని భయపడుకుంట కూసుంటే, మామే అడిగి తీసుకున్నడు. జేబులకెల్లి కలం తీసి పెట్టిండు. నేను నోరు తెరుసుకొని సూసిన. మామా, నీకు సంతకం వస్తదా అన్న. వాడికి చెప్పకు బిడ్డా, వాడు పరేషానయితడు అన్నడు."

"ఇంకేమన్నడు?"

"ఏమనలే. కలానికి టోపీ పెట్టి, జేబుల ఏసుకొని పండుకున్నడు."

యేసయ్య మంచం మీద వెనక్కి ఒరిగాడు. సారమ్మ అన్నం తినమంది. తర్వాత తింటానన్నాడు. కళ్లు తెరుచుకునే ఉన్నాడు. ఆమె అతని పక్కన కాసేపు కూర్చుని మళ్లీ మిషను దగ్గరకు వెళ్లింది. కానీ కుట్టలేదు.

సాయంత్రం దీప వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"టీసీ ఇచ్చిండ్రా?"

"లేదు. లోపలికి రా బిడ్డా. కూసో."

దీప తల్లి పక్కన కూర్చుంది. యేసయ్య లేచి, మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు.

"రిజిస్టర్ల ఏడాది నాగా ఉన్నది. సూసినవా?"

"సూసిన. తాతకు పాణం బాగలేకుండె అనుకున్న."

"పాణం బాగనే ఉండె. నేను వద్దన్న." అన్నాడు యేసయ్య. "బడిల పోరగాళ్లు నన్ను ఏడిపిచ్చేటోళ్లు. ఎవలు సచ్చిండ్రని అడిగేటోళ్లు. ఆ సంగతి నాయినకు చెప్పలే. ఇంటికొచ్చి, నువ్వు ఇంకోసారి మా బడికొస్తే నిన్ను నాయినా అని పిలువ అన్న. పదమూడేండ్లుంటయి నాకు. ఎందుకని ఆయన అడుగలే. సరే బిడ్డా అన్నడు. డప్పు తీసి అటుకు మీద పెట్టిండు."

సారమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనకు డప్పంటే ఊరోళ్లు బలిమిని కొట్టిచ్చిందే అనుకున్న. ఇష్టంగ కొట్టింది కూడ ఉన్నదని నాకు తెల్వదు. పంతొమ్మిదేండ్లు సార్ లెక్క నిలవడి నేర్పిండట. పిల్లలతోని నవ్వుకుంట అక్షరాలు నేర్సుకున్నడట. నాకు తెలువొద్దని బ్యాంకుల మళ్ల ఏలిముద్ర ఏసిండు. నేను ఇంకు పెట్టె పట్టుకున్న." అతని మాట ఒక్కసారిగా సన్నబడింది. "ఆ నలుగురు వస్తే ఎల్లగొట్టిన. సావు కాడ ఒక్క దెబ్బ లేకుండ పంపిన మా నాయినను."

అప్పుడు వచ్చింది ఏడుపు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతులోంచి శబ్దం. సారమ్మ లేచి వచ్చి అతని తలను పొట్టకు ఆనించుకుంది. అతను ఆమె కొంగు పట్టుకుని, చిన్నపిల్లవాడిలాగా వెక్కి వెక్కి ఏడ్చాడు. దీప ఎప్పుడూ తండ్రిని అట్లా చూడలేదు. ఏం చేయాలో తెలియక అతని పాదం మీద చేయి వేసి కూర్చుంది.

చాలాసేపటికి అతను ముఖం తుడుచుకున్నాడు. సారమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది.

"దీపా."

"ఊఁ నాయినా."

"నేను నిన్న అన్న మాట అబద్ధం కాదు. నిన్ను గూడ అంటరు. అన్నప్పుడు నాతోని చెప్పాలె. నేను మా నాయినతోని చెప్పలే."

దీప తల వంచుకుంది.

"ఒకసారి అన్నరు నాయినా. నిరుడు. తరగతిల ఇద్దరు."

"ఏమన్నరు?"

"నిన్ను అడిగిందే."

యేసయ్య చెంబు కింద పెట్టాడు. "ఎవలికి చెప్పినవ్?"

"తాతకు చెప్పిన."

"తాతేమన్నడు?"

"ఏమనలే. శనివారం తెల్లచొక్క ఏసుకొని, కర్ర పట్టుకొని నాతోని బడికొచ్చిండు. దారిల రెండు చోట్ల కూసోని లేసిండు. క్లాసయ్యేదాంక హాల్ల అందరి ముంగట కుర్సీ ఏసుకొని కూసున్నడు. ఆ ఇద్దరిని పిలిసి, చిర్ర ఎట్ల పట్టుకోవాల్నో సూపెట్టిండు. వాళ్లు మళ్ల నన్నేం అనలే."

యేసయ్యకు మళ్లీ కళ్లు నిండాయి. ఈసారి తుడుచుకోలేదు.

"రేపు శనివారమే గద," అన్నాడు.

"అవును."

"క్లాసు ఎన్ని గంటలకు?"

"రెండింటికి. నీకు డ్యూటీ గద నాయినా?"

"ఒంటిపూట పెట్టుకుంట," అన్నాడు యేసయ్య. "నేనొచ్చి కూసుంట."